ఇటుక మాట, అద్దం మాట

మావయ్య ఆర్ అండ్ బి శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మేనకోడలు హైదరాబాదులో అద్దాల ఎలివేషన్లు డిజైన్ చేసే కంపెనీలో పనిచేస్తుంది. రాజమండ్రిలో బంధువులొకరికి ఆయన దగ్గరుండి కట్టించిన మూడంతస్తుల భవనం ఒకటుంది. ప్లాస్టరింగ్ లేకుండా ఇటుక వరసలు బయటికి కనిపించేలా కట్టింది. ఈమధ్య దాన్ని ఒక ఇంటర్ కాలేజీ వాళ్ళు అద్దెకు తీసుకుని, ముందువైపు కిటికీలన్నీ మూసేసి, కింద నుంచి పైదాకా నీలం అద్దం తొడిగారు. వాదన అక్కడ పుట్టింది. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. రాసేవాడికీ అభిప్రాయాలుంటాయి కాబట్టి, ఆపుకోలేనిచోట కలగజేసుకున్నాను.

మావయ్య: ఆ వీధిలోంచి వెళ్ళాలంటేనే చిరాకేస్తోందే అమ్మాయ్. అదివరకు ఎర్రగా, నిబ్బరంగా ఉండేది. ఇప్పుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మనిషిలా నిలబడింది. మనల్ని చూస్తోందో, ఎటు చూస్తోందో తెలీదు.

మేనకోడలు: చిరాకు నీది మావయ్యా, బిల్డింగుది కాదు. నువ్వు కట్టించినదాన్ని కప్పేశారని నీకు కోపం. ఆ కోపాన్ని తీసుకెళ్ళి అద్దం నెత్తిన రుద్దుతున్నావు.

మావయ్య: సరే, నా సంగతి వదిలెయ్. అమెరికాలో ఈడిత్ ఫార్న్స్‌వర్త్ అని ఒక డాక్టరమ్మ ఉండేది. ఇలినాయ్‌లో ప్లానో అనే ఊరి దగ్గర, నది ఒడ్డున, మీస్ వాన్ డెర్ రో అనే ఆర్కిటెక్టు చేత ఇల్లు కట్టించుకుంది. 1951కి పూర్తయింది. నాలుగు వైపులా నేల నుంచి కప్పుదాకా అద్దమే. లోకమంతా ఆహా అంది. ఆవిడ మాత్రం ఆ ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయింది. సింకు కింద చెత్తడబ్బా పెట్టుకుందామన్నా రోడ్డు మీదికి కనిపిస్తుందని ఒక పత్రికవాళ్ళతో చెప్పుకుని వాపోయింది.

మేనకోడలు: సగం కథే చెబుతున్నావు. ఆవిడా మీసూ కోర్టుకెక్కింది అద్దం గురించి కాదు, బిల్లు గురించి. ఖర్చు అనుకున్నదాన్ని దాటిపోయింది. ఫీజు బాకీ ఉందని ఆయన దావా వేశాడు, ఆవిడ ఎదురుదావా వేసింది. అంత భరించలేని ఇల్లయితే మర్నాడే అమ్మేసేది. 1972 దాకా అమ్మలేదే! ఇరవై ఏళ్ళు ఆ అద్దాల మధ్యకే వచ్చి పోతుండేది.

మావయ్య: మరి ఆర్కిటెక్టు ఫిలిప్ జాన్సన్? 1949లో కనెటికట్‌లో తనకోసం గాజు ఇల్లు కట్టుకున్నాడు. దానికెదురుగా, అప్పుడే, ఇంకో ఇల్లు లేపాడు. అది ఒట్టి ఇటుక. గాజింటి వైపు తిరిగిన గోడకి కిటికీ కూడా లేదు. అతిథుల కోసమని పేరు. గాజింటిని వెచ్చగా ఉంచే సరంజామా అంతా పెట్టింది ఆ ఇటుకింట్లోనే. ఫోటోలకి అద్దం, కాపురానికి ఇటుక!

మేనకోడలు: చెప్పడానికి బాగానే ఉంది. కానీ ఇద్దరు డబ్బున్న అమెరికన్ల ముచ్చట్లు రుజువెలా అవుతాయి? నేను లెక్కతో చెబుతాను విను. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రి. 1972 నుంచి 1981 దాకా అక్కడ పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ రికార్డులు తీశాడు. వయసూ, ఆడామగా, పొగతాగే అలవాటూ అన్నీ కలిసేలా 23 జతలు కట్టాడు. ప్రతి జతలో ఒకరి గది కిటికీలోంచి చెట్లు కనబడతాయి. రెండోవారి కిటికీలోంచి ఏం కనబడుతుందో చెప్పనా? ఇటుక గోడ! చెట్లు చూసినవాళ్ళు సగటున ముప్పాతిక రోజు ముందే ఇంటికెళ్ళిపోయారు. ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. ఏడుస్తున్నారనీ, దిగాలుగా ఉన్నారనీ నర్సులు రాసుకునే మాటలు కూడా వాళ్ళ కాగితాల మీద తక్కువే.

మావయ్య: ఆగాగు. రెండు గదులకీ కిటికీ ఉంది కదా? రెంటికీ అద్దం ఉంది కదా? తేడా అంతా అద్దానికి అవతల. గెలిచింది చెట్టు. నీ అద్దం ఎక్కడ గెలిచింది?

మేనకోడలు: ఓడింది ఇటుకే కదా?

మావయ్య: ఓడింది అడ్డుగోడ. అక్కడ పాలరాయి గోడ ఉన్నా అంతే, సిమెంటు గోడ ఉన్నా అంతే. మంచం మీద పడుకున్నవాడికి ఎదురుగా ఏ గోడ పెట్టినా విసుగే.

(ఇక్కడ మావయ్యదే పైచేయి అని నా లెక్క. మనసు మీద గోడల ప్రభావం గురించి వచ్చే రాతల్లో ఈ తికమక తరచూ కనిపిస్తుంది. గోడ దేనితో కట్టారని మొదలుపెట్టి, గోడ అవతల ఏముందో చెప్పి ముగిస్తారు. ఉల్రిచ్ మాత్రం అలా చేయలేదు. ఆయన వ్యాసం పేరులోనే కిటికీలోంచి కనబడే దృశ్యం అని స్పష్టంగా ఉంది.)

మేనకోడలు: పోనీ చెట్టే గెలిచిందనుకో. ఇంట్లో కూర్చున్నవాడికి ఆ చెట్టు కనబడాలంటే మధ్యలో అద్దం ఉండాలా వద్దా?

మావయ్య: మండువా లోగిలిలో అద్దం ముక్క ఎక్కడుందే? ఇంటి నడిమధ్య ఆకాశం. ఎండ ఇంట్లోకొచ్చేది, వెన్నెలా వచ్చేది, వాన పడితే ఇంట్లోనే పడేది. వెలుగు కోసం ఎవడూ గాజు కొనుక్కోలేదు.

మేనకోడలు: వానతోపాటు జల్లు, జల్లుతోపాటు పాచి, పాచి మీద కాలుజారిన అమ్మమ్మ. అది చెప్పవేం? మండువా గొప్పలు చెప్పేవాళ్ళలో ఆ ఇళ్ళలో వంట చేసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? వెలుగంతా మీరు పడకకుర్చీలు వేసుకునే చోట పడేది. వంటిల్లు వెనకాల ఉండేది, పొగచూరి. పట్టపగలు బియ్యంలో రాళ్ళు ఏరాలన్నా చేట పట్టుకుని బయటికి రావాల్సిందే. అదే మట్టి, అదే కలప, అదే పెంకు. ఆ ఇల్లు మీ మనసుని ఒకలా ఉంచింది, అమ్మమ్మ మనసుని ఇంకొకలా ఉంచింది.

మావయ్య: అది వస్తువు తప్పు కాదు, ఇల్లు పంచుకున్న తీరు తప్పు.

మేనకోడలు: నేనూ అదే అంటున్నా. అద్దానికి మాత్రం ఆ మినహాయింపు ఇవ్వవేం? అసలు వెలుగు అంటే చూడ్డానికి పనికొచ్చేదొక్కటే కాదు మావయ్యా. మన కంటి వెనక పొరలో, బొమ్మ చూడ్డంతో పెద్దగా పనిలేకుండా, వెలుతురును పసిగట్టే కణాలు కొన్ని ఉన్నాయని 2002లో తేల్చారు. ఇప్పుడు పగలా రాత్రా అని ఒంటికి కబురు పంపేది అవే. 2014లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. కిటికీ దగ్గర పనిచేసేవాళ్ళనీ, కిటికీ లేని గదుల్లో పనిచేసేవాళ్ళనీ పోల్చి చూశారు. మొత్తం 49 మందే, చిన్న లెక్కే. అయినా పనిరోజుల్లో కిటికీవాళ్ళు రాత్రి సగటున 46 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. రాత్రి నిద్రపోయినవాడికి మర్నాడు మనసు ఎలా ఉంటుందో నీకు చెప్పాలా?

మావయ్య: ఒప్పుకున్నా. అయితే కిందటిసారి మాదాపూర్‌లో మీ ఆఫీసుకి వచ్చాను చూడు, మధ్యాహ్నం మూడింటికి. నాలుగు పక్కలా అద్దం. అద్దానికి లోపల బ్లైండ్లు. బ్లైండ్లన్నీ కిందిదాకా దించి ఉన్నాయి. నెత్తిమీద ట్యూబులైట్లు. ఏసీ చలికి మీ కుర్రాళ్ళు స్వెట్టర్లు వేసుకున్నారు. బయట మే నెల! నీ 46 నిమిషాలూ ఆ బ్లైండు వెనకాలే ఉండిపోయాయి.

మేనకోడలు: (నవ్వి) అది పడమటి ముఖం. ఎండ నేరుగా కంప్యూటర్ తెర మీద పడుతుంది, దించక చస్తారా? తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మనకి కంపెనీ అంటే అద్దాల మేడ అని స్థిరపడిపోయింది. చలిదేశాల్లో ఎండని ఇంట్లోకి పిలవడానికి పుట్టిన ఎలివేషన్ అది. ఎండని బతిమాలి పంపించేయాల్సిన ఊళ్ళో పెట్టాం. వేడి ఆగాలని ముదురు రంగు అద్దం వేస్తాం. దానితో వెలుగూ ఆగిపోతుంది. వెలుగుని రానిచ్చి వేడిని ఆపే పూతలున్నాయి గానీ వాటి రేటు చూసి క్లయింటు వెనక్కి తగ్గుతాడు. 2017 నాటి కేంద్ర ఇంధన పొదుపు నియమావళి కూడా, మామూలు పద్ధతిలో కడితే, గోడలో 40 శాతానికి మించి అద్దం వద్దంటోంది.

మావయ్య: అదీ మాట!

మేనకోడలు: ఇంకోటి నేనే చెబుతాను, నువ్వెలాగూ కనిపెట్టలేవు. అద్దానికి ఏ వైపు వెలుగు ఎక్కువుంటే ఆ వైపువాళ్ళకి అది నిలువుటద్దం అవుతుంది. పగలు రోడ్డు మీద వాళ్ళకి వాళ్ళ మొహమే కనబడుతుంది. రాత్రయ్యేసరికి తిరగబడుతుంది. లోపల లైట్లు, బయట చీకటి. రోడ్డు మీదివాడికి లోపలున్నదంతా కనిపిస్తుంది, లోపలివాడికి తనూ తన కుర్చీ తప్ప ఇంకేమీ కనబడదు. హైదరాబాదులో ఎంతమంది అమెరికా టైముకి పనిచేస్తారో తెలుసుగా? ఊరంతా కనబడాలని కట్టిన మేడలో, తెల్లవార్లూ తమ మొహమే చూసుకుంటూ కూర్చుంటారు. నేనూ కొన్నాళ్ళు ఆ షిఫ్టు చేశాను. రాత్రి రెండు దాటాక ఆ అద్దం వైపు తిరగబుద్ధి కాదు.

(వాదనలో ఎదుటివాడి చేతికి తానే కర్ర అందించడం ఆ పిల్లకి అలవాటు. మావయ్య ఆ కర్ర అందుకోకుండా రోహిణీ కార్తె వైపు తిరిగారు. అదే ఆయన చేసిన పొరపాటు.)

మావయ్య: రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి మా తొమ్మిదంగుళాల ఇటుక గోడ తట్టుకుంటుంది. ఎండ అటు కాస్తుంటే ఇటు చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉంటుంది.

మేనకోడలు: మధ్యాహ్నం పెట్టమంటావు చెయ్యి. రాత్రి తొమ్మిదింటికి పెట్టి చూడమను! పగలు తాగిన వేడి గోడలోంచి ఇవతలికి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది. సరిగ్గా మనం పక్క వేసుకునే వేళకి దిగుతుంది. బెజవాడలో మే నెల రాత్రుళ్ళు మొగుడూ పెళ్ళాలు దేనికి పోట్లాడుకుంటారో వాళ్ళకే తెలీదు. నన్నడిగితే సగం గొడవలు పడమటి గోడవి.

మావయ్య: గోడని అనకు, శ్లాబుని అను. నడినెత్తిన ఎండ కాచేది శ్లాబు మీద. పెంకుటింట్లో ఆ బాధ లేదు. గోడనైనా ఎలా కట్టాలో ఆర్కిటెక్టు లారీ బేకర్ చూపించాడు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో బోలుగా వదిలి కట్టడం. ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. ఇటుకలు నాలుగోవంతు మిగులుతాయి, మధ్యనున్న గాలి వేడిని ఆపుతుంది. తిరువనంతపురంలో ఆయన కట్టిన అభివృద్ధి అధ్యయన కేంద్రానికి వెళ్ళి చూడు. గోడ నిండా జాలీలు. వెలుగు చిన్నచిన్న ముక్కలుగా లోపలికొస్తుంది, గాలి ఆడుతుంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు.

మేనకోడలు: అక్కడ నిన్ను కూర్చోబెట్టింది ఇటుకా? గాలా?

మావయ్య: (కాసేపాగి) ఇటుకలోంచి వచ్చిన గాలి.

మేనకోడలు: దొరికావు! గాలి ఆడటం, కిటికీ తెరుచుకోవడం. అసలు సంగతి అక్కడుంది. పారిస్‌లో ఆర్కిటెక్టు ల కొర్బ్యూజియే 1933లో సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థకి ఒక ఆశ్రయ భవనం కట్టాడు. దక్షిణం వైపంతా ఒకే అద్దం గోడ, ఒక్క రెక్క కూడా తెరుచుకోదు. లోపల చల్లబరిచే యంత్రం పెడదామన్నాడు. డబ్బుల్లేక అది పెట్టలేదు. ఎండాకాలం వచ్చేసరికి లోపలున్న దిక్కులేనివాళ్ళు ఉడికిపోయారు. చివరికి తెరుచుకునే కిటికీలు పెట్టించారు, తర్వాత్తర్వాత ఎండకి అడ్డంగా కాంక్రీటు చూరులూ కట్టించారు. అద్దమే అయినా, కిటికీ తెరుచుకుంటే చాలామందికి కోపం రాదు. రిచర్డ్ డి డియర్, గెయిల్ బ్రేగర్ అని ఇద్దరు 1998లో లెక్కలు తీశారు. వేరువేరు దేశాల్లో 160 భవనాలు, దాదాపు 21,000 జవాబులు. కిటికీ తమ చేతిలో ఉన్నవాళ్ళు, ఏసీ డబ్బాలో ఉన్నవాళ్ళకన్నా ఎక్కువ వేడిని హాయిగానే ఓర్చుకున్నారు. థర్మామీటర్ చూపించే వేడి ఒకటే. ఓర్పే వేరు.

మావయ్య: అంటే గోడ దేనిదైనా ఒకటేనంటావా? ఆ మాట నేనొప్పుకోను. అహ్మదాబాదు ఐఐఎం చూడు. లూయీ కాన్ 1962లో మొదలుపెట్టిన ఇటుక కట్టడాలు. 2020 డిసెంబరులో, ఉన్న 18 హాస్టళ్ళలో 14 పడగొడతామన్నారు. ప్రపంచం నలుమూలల నుంచీ జనం గగ్గోలు పెట్టారు. పది రోజులు తిరక్కుండా, 2021 జనవరి 1న ఆ మాట వెనక్కి తీసుకున్నారు. మీ హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ రేపు పడగొడతామంటే ఉత్తరం రాసేవాడెవడైనా ఉంటాడా?

మేనకోడలు: తర్వాత సంగతి కూడా చెప్పు. 2022 నవంబరులో మళ్ళీ పడగొట్టే మాటే ఎత్తారు. కప్పు పెచ్చులూడుతోంది, గోడలు నెమ్మెక్కాయి, 2001 భూకంపానికి దెబ్బతిన్నాయి, అందులో ఉండటం ప్రమాదం అన్నారు. ఉత్తరాలు రాసినవాళ్ళలో ఆ గదుల్లో ఇవాళ నిద్రపోతున్నవాళ్ళెందరు? చూసి వెళ్ళేవాడి మనసు వేరు, మంచం కింద బక్కెట్టు పెట్టుకునేవాడి మనసు వేరు.

మావయ్య: ఆ గదుల్లో ఒకప్పుడు చదివినవాళ్ళూ రాశారులే.

మేనకోడలు: రాసే ఉంటారు. ఇక ఇటుక మంచితనం గురించి ఇంకోటి. మన పెద్దపల్లి వైపూ, హైదరాబాదు చుట్టుపక్కలా బట్టీల్లో ఇటుక కోసేది ఎవరు? ఒడిశాలో బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్ళు, పిల్లాజెల్లాతో. వాళ్ళుండే గుడిసె చూశావా? సిమెంటు లేకుండా ఇటుక మీద ఇటుక పేర్చి, పైన పట్టా కప్పింది. వంగితే గానీ లోపలికి వెళ్ళలేరు. నాలుగు గోడలూ ఎర్ర ఇటుకే. నిబ్బరం ఏదీ?

మావయ్య: మీ అద్దం తుడిచేవాళ్ళు ఇరవయ్యో అంతస్తు దగ్గర తాడు మీద వేలాడతారు, మే నెలలో, అద్దం కొట్టే ఎండ మొహాన పడుతుంటే. ఆ లెక్కకొస్తే ఇద్దరం తలొంచుకోవాలి.

(ఇద్దరూ తలలు వంచలేదు గానీ కాఫీ తెప్పించుకున్నారు. ఇక్కడి నుంచి వాదన మెల్లగా మూడోవాడి మీదికి మళ్ళింది. ఆ మూడోవాడు మివాన్.)

మావయ్య: ఇంతకీ నార్సింగిలో నువ్వు కొన్న ఫ్లాటు గోడ ఇటుకేనా?

మేనకోడలు: ఎక్కడి ఇటుక! మివాన్. అల్యూమినియం పలకలు బిగించి, గోడా శ్లాబూ కలిపి ఒకే కాంక్రీటు పోత. వారానికో అంతస్తు లేస్తుంది. అమ్మ వచ్చి క్యాలెండరు తగిలించుకుందామని మేకు కొట్టింది. మేకు వంగింది, సుత్తి జారింది, గోడ మీద గీత కూడా పడలేదు. డ్రిల్లు వాడాలంటే అసోసియేషన్ చెప్పిన వేళల్లోనే. గదిలో ఫోను మాట్లాడాలంటే కిటికీ దగ్గరకి నడవాలి. మూడు నెలలు అమ్మ ఆ ఇంటిని మీ ఇల్లు అనే అంది.

మావయ్య: అదీ! ఇటుక గోడ మేకుని రానిస్తుంది. అటకకి చోటిస్తుంది. పిల్ల పుడితే ఉయ్యాల కొక్కెం, పెళ్ళయితే ఇంకో గుమ్మం. వెనకవైపు గోడ కొట్టి వంటిల్లు పెంచుకోని ఇల్లు మన వీధిలో ఉందా? ఇటుక ఎర్రగా ఉంటుందనో, మట్టి వాసనేస్తుందనో కాదే నేను ఇటుక ఇటుక అనేది. తాపీ మేస్త్రీని పిలిస్తే మధ్యాహ్నానికి మాట వింటుంది.

మేనకోడలు: మొదట్నుంచీ ఈ మాట అనుంటే నీతో వాదించేదాన్నే కాదు. ఎరుపు గురించీ నిబ్బరం గురించీ చెబుతూ కూర్చున్నావు.

(నాకు తోచింది కూడా ఇదే. ఇటుక ప్రశాంతతనిస్తుంది, గాజు ఉత్సాహాన్నిస్తుంది, చెక్క ఆప్యాయతనిస్తుంది అని జాబితాలు చెప్పేవాళ్ళని చూస్తే వాస్తు పట్టిక గుర్తొస్తుంది నాకు. తాకితే చెక్క వెచ్చగా, కడప బండ చల్లగా ఉండటం నిజమే. ఒంట్లో వేడిని ఒకటి నెమ్మదిగా, ఇంకోటి గబగబా లాగేస్తాయి. అరికాలికి ఆ తేడా తెలుస్తుంది. కానీ మనిషి ఇంటిమీద కోపగించుకునేది అరికాలితో కాదు. ఆ ఇంటితో తన మాట చెల్లనప్పుడు కోపగించుకుంటాడు.)

మావయ్య: ఇక నీలం అద్దం కాలేజీ సంగతి తేల్చు. అందులో పిల్లలు పొద్దున ఆరింటికి వెళ్తే రాత్రి తొమ్మిదికి బయటపడతారు. నేను పెట్టించిన కిటికీలకి ప్లైవుడ్ కొట్టేశారు, రోడ్డు చూస్తూ కూర్చుంటారని. దాని ముందు అద్దం. అంటే బయటివాడికి అద్దాల మేడ, లోపలివాడికి ప్లైవుడ్.

మేనకోడలు: అది అద్దం కాదు మావయ్యా, హోర్డింగు. మా దగ్గరికీ అలాంటి పనులొస్తాయి. నేను డ్రాయింగులో ప్రతి గదికీ తెరుచుకునే రెక్కలు గీస్తాను. మీటింగులో మొట్టమొదట కొట్టేసేది వాటినే. ఏసీ బయటికి పోతుందంటారు, వాన కారుతుందంటారు, పిల్లలు తొంగి చూస్తారంటారు. పిల్లల మనసు బాగుంటుందండీ అంటే, అది ఏ ఐటెమ్ కింద వస్తుందని అడుగుతారు. ఏం చెప్పను?

మావయ్య: మనసు అని రాస్తే ఎవడు పాస్ చేస్తాడే? ప్రభుత్వ రేట్ల పట్టిక ఎస్.ఎస్.ఆర్.లో ఆ ఐటెమ్ లేదు. తెరుచుకునే రెక్క అని రాయి. బందులు ఇన్ని, గడియలు ఇన్ని, దోమల మెష్ ఇన్ని చదరపు మీటర్లు. అన్నింటికీ రేట్లున్నాయి.

మేనకోడలు: రాస్తాను. అయినా కొట్టేస్తారు.

మావయ్య: కొట్టేస్తే మళ్ళీ రాయి. గడియ లోపలి వైపు అని కూడా రాయి. ఏ వైపో రాయకపోతే బయట బిగించి బిల్లు పెట్టేస్తారు.